ఉద్యోగం మీద మనసు లేదు. నిలబడాలా, మారాలా, ఎటు వెళ్ళాలో ఎలా తేల్చుకోవాలి?

సాయంకాలం_ఏడు:

అందరికీ నమస్కారమండి. ఆరేళ్ళుగా ఒకే సంస్థలో ఆఫీసు పని. జీతం సమయానికి పడుతుంది, ఎవరూ అరవరు. అయినా పొద్దున్నే లాప్‌టాప్ తెరవాలంటే చెయ్యి రావట్లేదు. ఆదివారం మధ్యాహ్నం నుంచే సోమవారం దిగులు మొదలవుతుంది. ఇంట్లో చెబితే "ఉన్న ఉద్యోగం నిలబెట్టుకో" అంటున్నారు. స్నేహితులు "నచ్చిన పని చేసుకో" అంటున్నారు. నచ్చిన పని ఏదో తెలిస్తే కదా!

నాకు మూడు విషయాలు కావాలి. తప్పు ఉద్యోగంలో ఉందా, నాలో ఉందా అని ఎలా తెలుసుకోవాలి? మనసు నిలబెట్టుకోవడానికి ధైర్యం ఎక్కడ దొరుకుతుంది? ఎటు వెళ్ళాలో తెలియనివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి? చేయగలిగిన పనులుగా చెబితే మేలు.

గళ్ళపుస్తకం:

"మానేయాలా వద్దా" అన్నది రెండో ప్రశ్నండి. దాన్ని రెండు వారాలు పక్కన పెట్టండి. మొదటిది, నొప్పి సరిగ్గా ఎక్కడుంది అన్నది. పని ఎక్కువై అలిసినవాళ్ళకు ఉత్సాహం నూరిపోస్తే ఒళ్ళు మండుతుంది. మాట చెల్లక విసిగినవాళ్ళకు పది రోజులు సెలవిస్తే పదకొండో రోజు మళ్ళీ అదే విసుగు. నొప్పి ఏదో తేలకుండా ఉద్యోగం మారితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే అవుతుంది.

అది తేలడానికి ఒక చిన్న పుస్తకం చాలు. నాలుగు గళ్ళు గీయండి: సమయం, ఏం చేశారు, ఎవరితో, ఒక అంకె. అంకె −2 నుంచి +2 వరకు. ఆ పని మిమ్మల్ని పూర్తిగా పీల్చేస్తే −2, ఇంకాసేపు చేయాలనిపిస్తే +2. రోజుకు మూడుసార్లు రాయండి: మధ్యాహ్న విరామానికి ముందు, మూడు నాలుగింటి మధ్య, పని కట్టేసేముందు. ఒక్కోసారికి రెండు నిమిషాలు పట్టదు. పది పనిదినాలు రాస్తే ముప్ఫై వరుసలు వస్తాయి. మధ్యలో రెండు రోజులు తప్పినా కొంప మునగదు. సంవత్సరాంతపు లెక్కలో, పనితీరు మదింపులో నడిచే వారాలు మాత్రం వద్దు, మామూలు వారాలు ఎంచుకోండి.

చాలామంది తప్పేది రెండు చోట్ల. ఒకటి, రాత్రి పడుకునేముందు రోజంతా గుర్తు చేసుకుని రాయడం. అప్పటికి ఆ రోజులోని అతి చెడ్డ నిమిషం, చివరి గంట మాత్రమే మనసులో మిగులుతాయి, తక్కినవన్నీ ఆ రంగే పులుముకుంటాయి. అందుకే అప్పటికప్పుడు రాయాలి. రెండోది, జరిగింది రాయకుండా అభిప్రాయం రాయడం. "మేనేజరుకు ఏమీ తెలియదు" అన్న వాక్యంతో తర్వాత ఏ పనీ జరగదు. ఇలా రాయండి:

మంగళ, 11.40. నెల రిపోర్టు మూడోసారి మార్చమన్నారు, కారణం చెప్పలేదు. మేనేజరు. −2.
మంగళ, 3.30. ఫైళ్ళు ఎలా సరిచూడాలో కొత్తవాళ్ళకు చూపించాను. ఇద్దరు జూనియర్లు. +2.
మంగళ, 5.50. మీటింగులో కూర్చున్నాను, నాతో పని పడలేదు. తొమ్మిది మంది. −1.

ఈ మూడు వరుసలే ఎంత చెబుతున్నాయో చూడండి. ఈ మనిషికి పని చేయడం కష్టం కాదు, తన పని మీద తన చెయ్యి లేకపోవడమే కష్టం. ఒక మనిషికి నేర్పడం మాత్రం ప్రాణం లేచివచ్చే పని.

పది రోజులయ్యాక మైనస్ వరుసల పక్కన ఆరింటిలో ఒక మాట రాయండి: పనిభారం, అధికారం, ప్రతిఫలం, మనుషులు, న్యాయం, విలువలు. బర్న్‌అవుట్ (పని వల్ల సత్తువ ఉడిగిపోవడం) మీద పరిశోధించిన క్రిస్టీనా మస్లాక్, మైకేల్ లైటర్ చేసిన విభజన ఇది. మైనస్‌లలో సగం ఒకే మాట కింద పడితే మీ జవాబు దొరికినట్టే. మొదటి రెండూ కలిసి కనిపిస్తే ఇంకాస్త శ్రద్ధ పెట్టండి. పని ఎక్కువ, నిర్ణయించే వీలు తక్కువ అయినచోట ఒత్తిడి ముదురుతుందని రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే చూపించారు. పని తగ్గించలేని చోట కూడా, దాన్ని ఏ వరసలో ఎలా చేయాలో మన చేతికిస్తే బరువు తేలికవుతుంది.

ప్రతిఫలం అంటే జీతమొక్కటే అనుకోకండి, గుర్తింపు కూడా అందులోదే. విలువల దగ్గర తేడా వస్తే మాత్రం (చెప్పకూడనిది కస్టమర్‌కు చెప్పమనడం లాంటివి) అదే సంస్థలో కుర్చీ మార్చుకున్నంత మాత్రాన తీరడం అరుదు.

పుస్తకం ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు మెయిల్‌లో పెట్టకండి. కాగితమే మంచిది.

చలివేంద్రం:

పైన చెప్పిన పద్ధతి మొదలుపెట్టేముందు ఒక్కటి చూసుకోండి. ఈ దిగులు ఆఫీసు గుమ్మం దాటాక తగ్గుతోందా, లేదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 అనే తన జబ్బుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ను చేర్చింది, జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగా. దానికి మూడు గుర్తులు: సత్తువ ఉడిగిపోవడం, పని మీద ఏవగింపో దూరమో పెరగడం, ఎంత చేసినా ఏమీ సాధించట్లేదనిపించడం. ఆ మాట పనికి మాత్రమే వర్తిస్తుందని అందులోనే ఉంది. సెలవు రోజున కూడా ఏదీ రుచించకపోతే, ఇష్టమైన పాట విన్నా, పిల్లలతో ఆడుకున్నా మనసు కదలకపోతే, నిద్రా ఆకలీ మారిపోతే, అలా రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. దానికి ఉద్యోగం మార్చడం మందు కాదు.

డిప్రెషన్ ఉందేమో చూడడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 27. పది గానీ ఆపైన గానీ వస్తే డాక్టర్‌ను కలవండి. అది వడపోత మాత్రమే, నిర్ధారణ డాక్టరే చేయాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండు, తనకు తాను హాని చేసుకోవాలి అన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏ అంకె వచ్చినా మొత్తం ఎంతైందని లెక్క చూడొద్దు. అదే రోజు ఎవరికైనా చెప్పి, వైద్యసాయం తీసుకోండి.

వట్టి నీరసమే ఎక్కువగా ఉంటే రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగే సమస్య కూడా చూపించుకోవాలి. ఇవి మనసు బాలేదన్న ముసుగులోనే వస్తాయి. ఈ వారాల్లో రాజీనామా లాంటి పెద్ద నిర్ణయాలు వద్దండి.

సాయంకాలం_ఏడు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆదివారం సాయంత్రం తప్పిస్తే సెలవు రోజున నేను బాగానే ఉంటాను, కాబట్టి పుస్తకం మొదలుపెడతాను. పదిరోజుల తర్వాత నొప్పి ఫలానా అని తేలిందనుకుందాం. మేనేజరుతో ఏమని మాట్లాడాలి? "నాకు సంతోషంగా లేదు" అంటే బాగుండదు కదా.

మెట్లదారి:

ఆ మాట అనకండి. అది విన్న మేనేజరు చేయగలిగింది ఒక్కటే: "నాలుగు రోజులు సెలవు పెట్టు" అనడం. అవతలివాళ్ళ చేతిలో ఉన్న పని అడగండి, అదీ ఒక్కటే అడగండి. అయిదు అడిగితే అన్నిటికన్నా తేలికైనది ఇచ్చి చేతులు దులుపుకుంటారు.

నడవాలో ఎదురుపడినప్పుడు కాదు, ముందే అడిగి అరగంట సమయం తీసుకోండి. అంకె, కోరిక, గడువు, ఈ మూడూ ఒక్క మాటలో రావాలి. ఉదాహరణకు: "వారంలో 11 గంటలు రెండు రిపోర్టులకే పోతున్నాయి. రెండోదాన్ని ఎవరూ తెరిచిన గుర్తు లేదు. నాలుగు వారాలు దాన్ని ఆపి చూద్దామా? ఎవరైనా అడిగితే ఆ రోజే తయారుచేసి ఇస్తాను." నాలుగు వారాలు అన్న మాట చాలా పని చేస్తుంది. శాశ్వతంగా మార్చమంటే మేనేజరు పైవాళ్ళను అడగాలి, కొన్నాళ్ళు చూద్దామంటే తనే ఒప్పుకోగలరు. మాట్లాడిన రోజే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: "మనం అనుకున్నట్టు ఫలానా తేదీ వరకు ఇలా చేస్తాను." అది లేకపోతే రెండు వారాల్లో ఆ సంభాషణ జరగనట్టే అయిపోతుంది.

"లేకపోతే మానేస్తాను" అని మాత్రం అనొద్దు. చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా ఆ మాట అంటే బరువు ఉండదు, అన్నాక వెనక్కి తీసుకోవడమూ కుదరదు.

అడగకుండానే మార్చుకోగలిగినవి కూడా ఉంటాయి. 2001లో ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని జాబ్ క్రాఫ్టింగ్ అన్నారు. వాళ్ళు చూసినవాళ్ళలో ఆసుపత్రిలో శుభ్రం చేసే సిబ్బంది ఉన్నారు. ఒకే పని చేస్తున్నా, కొందరు రోగులతో వాళ్ళ ఇంటివాళ్ళతో నాలుగు మాటలు కలిపి, తాము చేసేది రోగి కోలుకోవడంలో భాగమనుకున్నారు. ఆ పని వాళ్ళకు వేరేగా కనిపించింది. పైన ఉదాహరణలోని మనిషికి నేర్పడంలో +2 వచ్చింది కదా, అలాంటి పని వారానికి ఒక గంట ఎక్కువ చేసుకోవడం ఎవరి అనుమతీ అక్కరలేని మార్పు.

వేధింపు, అవమానం, జీతం ఎగవేత ఉన్నచోట ఈ సలహా పనికిరాదు. అక్కడ సర్దుకుపోవడం నేర్చుకోకూడదు. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు చూశారు అన్నది రాసిపెట్టుకుని, ఫిర్యాదు చేయడానికైనా బయటపడడానికైనా దారి చూసుకోవాలి.

చలివేంద్రం:

ధైర్యం గురించి అడిగారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. అది చిన్న విషయం కాదు.

ఇంట్లోవాళ్ళు "నిలబెట్టుకో" అన్నారంటే మీ బాధ పట్టక కాదు, వాళ్ళ భయం అది. ఒకే మనిషి దగ్గర మూడు రకాల సాయం వెతుక్కుంటే నిరాశే మిగులుతుంది. మీ మాట వినేవాళ్ళు ఒకరు కావాలి. మీ పని తెలిసి లోపం చెప్పగలిగేవాళ్ళు ఒకరు. చెప్పింది చేశారా అని అడిగేవాళ్ళు ఇంకొకరు. వినేవాళ్ళకు ముందే చెప్పండి: "సలహా వద్దు, పావుగంట విను చాలు." మీరు ఆశ్చర్యపోతారు, ఇంట్లోవాళ్ళు కూడా అలా అడిగితే వినగలరు. మూడో మనిషికి ప్రతి శుక్రవారం ఒకే ఒక్క వాక్యం మెసేజ్ చేయండి: ఈ వారం ఏం చేశాను, వచ్చే వారం ఏం చేస్తాను. అంతకు మించి రాస్తే మూడో వారానికే ఆగిపోతుంది.

విరామంలో కలిసి ఆఫీసును తిట్టుకునే గుంపు ఒకటి ప్రతిచోటా ఉంటుంది. ఆ కాసేపూ ఉపశమనంగానే ఉంటుంది. రోజూ అదే గాయాన్ని గోకితే మానదు. వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించండి.

ఇంకొకటి. తెరెసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు 238 మంది ఉద్యోగుల దగ్గర దాదాపు 12,000 రోజువారీ నోట్లు సేకరించి చూశారు. మంచి రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది, అర్థమున్న పనిలో ఎంతో కొంత ముందుకు కదలడం. పొగడ్త అంత పైన లేదు. దీన్ని వాడుకోవడం తేలిక. పని కట్టేసేముందు రెండు పంక్తులు రాయండి: ఈ రోజు కదిలింది ఏమిటి, రేపు పొద్దున మొదటి పది నిమిషాల్లో చేసేది ఏమిటి. రెండో పంక్తిలో "రిపోర్టు పూర్తిచేయాలి" అని రాస్తే చెయ్యి రాదు. "ఫైల్ తెరిచి నాలుగో పట్టికలో తేదీలు సరిచూడాలి" అని రాస్తే వస్తుంది. లాప్‌టాప్ తెరవడానికి చెయ్యి రావట్లేదన్నారు కదా, మీకు ముందు కావలసింది ఈ రెండో పంక్తే. శుక్రవారం రాసిపెట్టుకుంటే ఆదివారం దిగులు కూడా కొంత దిగుతుంది. సోమవారం అంటే ఏమిటో మనసుకు అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి.

దారిబత్తెం:

"ఎటు వెళ్ళాలి" అన్నదానికి నా వంతు. కూర్చుని ఆలోచిస్తే దారి దొరకదు. చిన్న చిన్నగా చేసి చూస్తేనే దొరుకుతుంది. అభిరుచి పరీక్షలు ఒక మధ్యాహ్నం చేసుకోండి, తప్పులేదు. జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త అభిరుచులను ఆరు రకాలుగా చేసిన విభజన లాంటివి మీ గురించి చెప్పుకోవడానికి మాటలిస్తాయి. నిర్ణయం ఇవ్వవు.

మీ పుస్తకంలో +2 వరుసలు తీయండి. వాటిలో క్రియలు మాత్రమే చూడండి: నేర్పడం, సరిచూడడం, అమర్చడం, ఒప్పించడం, రాయడం. ఆ క్రియలు రోజులో సగం ఉండే పనులు మూడు ఊహించండి. నాలుగొద్దు.

ఒక్కో దానికి 20 ఉద్యోగ ప్రకటనలు పోగుచేసి కాగితం మీద గీతలు పెట్టండి, ఏ నైపుణ్యం ఎన్ని ప్రకటనల్లో వచ్చిందో. పన్నెండింటిలో కనిపించింది తప్పనిసరి. మూడింటిలో కనిపించినదాని కోసం కోర్సు కట్టక్కరలేదు. ఈ ఒక్క లెక్కతో ఎంతోమంది ఏడాది కోర్సు ఖర్చు తప్పించుకోవచ్చు. కోర్సులో చేరగానే ముందుకు వెళ్తున్నట్టు ఉంటుంది, అక్కడే మోసం. ఆ పని రోజువారీగా ఎలా ఉంటుందో కోర్సు చూపించదు.

అది చూపించేది ఆ పని చేస్తున్నవాళ్ళు. అయిదుగురితో ఇరవై నిమిషాల చొప్పున మాట్లాడండి. దగ్గరి స్నేహితులకన్నా పరిచయస్తులను అడగండి: పాత సహోద్యోగులు, చదువుకున్నప్పటి సీనియర్లు, స్నేహితుల స్నేహితులు. దగ్గరివాళ్ళకు తెలిసింది మీకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరం నుంచే వస్తుంది. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసం చెప్పేది ఇదే. మెసేజ్ నాలుగు పంక్తులు మించకూడదు: నేనెవరు, మీ పేరు ఎవరు చెప్పారు, ఏం తెలుసుకోవాలి, ఎంతసేపు. ఉద్యోగం ఇప్పించమని అడగకండి, అడిగితే వాళ్ళు తప్పుకుంటారు.

"మీ పని ఎలా ఉంటుంది" అంటే ఎవరైనా బాగుంటుందనే అంటారు. "పోయిన మంగళవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు?" అని అడగండి. "ఈ పని మానేసి వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారు?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు తక్కినవాటికి రావు.

మూడింటిలో ఒకటి మిగులుతుంది. దాని మీద 15 గంటలు పెట్టండి, మూడు వారాల్లో. నేర్పే పని అనుకుంటే నలుగురికి ఒక పాఠం తయారుచేసి నిజంగా చెప్పండి. డేటా పని అనుకుంటే అందరికీ అందుబాటులో ఉన్న ఒక డేటాసెట్ తీసుకుని ఒక ప్రశ్నకు జవాబు తేల్చండి. అంకెలు ఇక్కడా వేసుకోండి. విసుగు పుట్టించే భాగం (పాఠానికి స్లైడ్లు దిద్దడం, డేటా శుభ్రం చేయడం) కూడా ఓర్చుకోగలిగితే అది మీ దారి. సరదా భాగం అందరికీ నచ్చుతుంది, దాన్నిబట్టి తేల్చకండి.

మెట్లదారి:

దానికి తోడు తేదీ ఒకటి కావాలి. ఈ రోజు నుంచి 90 రోజులు లెక్కపెట్టి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఏమి మారితే ఉంటారో, ఏమి మారకపోతే వెళ్తారో ఇప్పుడే రాసుకోండి. ఆ రోజున రాయొద్దు, ఆ వారం మంచిగా గడిస్తే ఒకలా, చెడ్డగా గడిస్తే ఇంకోలా రాస్తారు.

డబ్బు లెక్క కూడా అదే రోజు చేయండి. నెలకు తప్పించలేని ఖర్చు ఎంత: అద్దె, అప్పుల వాయిదాలు, బీమా, ఇంటి ఖర్చు, పెద్దవాళ్ళ మందులు. చేతిలో ఉన్నదాన్ని దానితో భాగించండి. ఆరు నెలల కన్నా తక్కువ వస్తే ఉద్యోగంలో ఉండే వెతకండి. వారానికి నాలుగు గంటలు, రెండు పూటలుగా. లిఖితపూర్వకమైన ఆఫర్ చేతికి వచ్చి, అందులో జీతం, హోదా, చేరే తేదీ చూసుకున్నాకే రాజీనామా. అప్పటిదాకా ఆఫీసులో ఎంత దగ్గరివాళ్ళకైనా చెప్పొద్దు.

ఇంటర్వ్యూలో మీ నొప్పికి తగిన ప్రశ్న అడగండి. అధికారం లేక బాధపడినవాళ్ళు "ఈ హోదాలో ఎవరినీ అడగకుండా నేను తీసుకోగల నిర్ణయాలు ఏవి?" అనాలి. పనిభారమైతే "ఈ పని ఇంతకుముందు ఎంతమంది చేసేవారు?" అనాలి. నసిగారంటే అదే జవాబు. కొత్త ఉద్యోగంలో మొదట్లో సంతోషం పెరిగి ఆ తర్వాత దిగడం మామూలేనని 2005 నాటి పరిశోధన ఒకటి చూపించింది. కాబట్టి మొదటి నెలల ఉత్సాహాన్ని గానీ, తర్వాత వచ్చే చప్పదనాన్ని గానీ చూసి తీర్పు చెప్పుకోకండి. చేరాక ఆరో నెలలో మళ్ళీ పది రోజులు గళ్ళ పుస్తకం రాసి, పాతదాని పక్కన పెట్టి చూడండి.

సాయంకాలం_ఏడు:

నాలుగు గళ్ళూ గీశాను, రేపు మొదలు. ఒక్క అనుమానం. అంకెలన్నీ సున్నా వస్తే? నాకు అదే భయం.

గళ్ళపుస్తకం:

అదీ ఒక ఫలితమేనండి. ముందు చలివేంద్రం గారు చెప్పిన ప్రశ్నావళి చూసుకోండి. అక్కడ ఏమీ లేదని తేలితే, ఆరేళ్ళలో మీరు పనిని దాటి ఎదిగారని అర్థం. పని బరువై కాదు, చాలక వచ్చే అలసట అది. బయటికి అచ్చం బద్ధకంలా కనిపిస్తుంది, అందుకే "తప్పు నాలో ఉందా" అనిపిస్తుంది. అప్పుడు మేనేజరును అడగాల్సింది తగ్గించమని కాదు, ఇప్పటిదాకా చేయని పని ఒకటి ఇవ్వమని. మూడు నాలుగు వారాల్లో ముగిసేది, తప్పు జరిగే అవకాశం కాస్త ఉన్నది అడగండి. ఆ వారాల్లో మళ్ళీ అంకెలు వేయండి. మైనస్ వచ్చినా పరవాలేదు, సున్నా కదిలిందా లేదా అన్నది చూడండి.